నాగవేణి ప్రమాణం చెయ్యని రోజు

చిత్తూరులో మా ఆట మైదానం గేటుకు ఎదురుగా ఢిల్లీబాబు టీ అంగడి ఉంది. ఈ సంగతి అక్కడ ఇట్లా చెప్పుకుంటారు.

"నాగవేణి కాణిపాకం దాకా పొయ్యింది. కార్లో పొయ్యింది, దర్జాగా. కోనేటి మెట్ల కాడికి పోయేసరికి కాళ్లాడలేదు. అబద్ధం చెప్పినోళ్లకి ఆ స్వామి ముందర నోరు లేస్తాదా? గమ్మున కారెక్కి వెనక్కి వచ్చేసింది."

"ఏడ్చిందంట కదప్పా."

"ఏడవక ఏం చేస్తాది? అన్నం పెట్టిన కోచ్ మీదనే అంత మాట అనె."

చెప్పేవాళ్లలో ఒక్కరు కూడా ఆ రోజు కాణిపాకంలో లేరు. నేను ఉన్నాను. అప్పట్లో మైదానంలో పొద్దున్నే ఆడే పిల్లలకు రాగి జావ కాచి పోసేది నేనే. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేశాను. ఎక్కువ మాట్లాడను. అందుకని నా ముందర అందరూ మాట్లాడతారు.

నాగవేణక్క వాళ్ల నాయన మునస్వామి దామలచెరువు పక్కన మామిడి తోటలకు కాపలా ఉండేవాడు. కోతుల్ని తరుముతూ తోటలో పరిగెత్తడమే అక్క నేర్చుకున్న మొదటి ఆట. ఆరో తరగతిలో ఉండగా స్కూలు పోటీల్లో మా కోచ్ ధనంజయ సార్ చూసి, మునస్వామిని అడిగి, మా క్లబ్బులో ఖో-ఖోకి తెచ్చుకున్నాడు. మొదటి బూట్లు సారే కొనిచ్చాడు. ఆ బూట్లు పాదాలకు సరిపోకుండా పోయినా అక్క పారెయ్యలేదు. సామాన్ల గదిలో పైఅరలో గుడ్డలో చుట్టి పెట్టుకుంది.

అక్క గురించి తెలియాలంటే గూడూరు మ్యాచ్ సంగతి తెలియాలి. అప్పుడు ఆమెకు పదిహేడేళ్లు. ఫైనల్లో ఇంకా ఇరవై సెకన్లు ఉన్నాయనగా అవతలి జట్టులో చివరి పిల్లను తాకింది. విజిల్ పడింది. మా వాళ్లందరూ ఎగిరి గంతులేశారు. అక్క చెయ్యెత్తి అంపైర్ దగ్గరికి పోయి, "సార్, నా కాలు మధ్య గీత దాటింది, మీరు చూడలేదు" అని చెప్పింది. మ్యాచ్ పోయింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ధనంజయ సార్ లేచి వచ్చి కూర్చున్నాడంట. "నువ్వు అబద్ధం ఆడలేవు నాగా. అది నాకు కప్పు కంటే ఎక్కువ" అన్నాడంట. ఆ మాట అక్క నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆమె ముఖం వెలిగేది.

ఇప్పుడు ఆమెకు ఇరవై ఏడు. ఆడటం మానేసి, సార్ కింద చిన్నపిల్లలకు నేర్పిస్తుండేది. గీతలకు ముగ్గుపిండి పోసేది, దెబ్బలకు కట్లు కట్టేది ఆమే.

సామాన్ల గది తలుపు వెనక ఒక క్యాలెండర్ వేలాడేది. అది అక్క పెట్టిన పద్ధతి. నెలసరి వచ్చిన పిల్ల ఆ రోజు గడిలో తన రంగు స్కెచ్ పెన్నుతో ఒక చుక్క పెట్టాలి. నోరు తెరిచి ఎవరికీ చెప్పనక్కర్లేదు. చుక్క చూసి అక్క ఆ పిల్లను మూడు రోజులు కప్పగంతులు, ఇసుక పరుగు లేకుండా, లెక్కలు రాయడానికి కూర్చోబెట్టేది. అంతేకాదు, ఇరవై ఎనిమిది రోజులు లెక్కపెట్టి వచ్చే నెల కాగితం మీద పెన్సిల్‌తో ముందే చుక్కలు పెట్టేది, పోటీల రోజులకు ఎవరు ఎట్లా ఉంటారో తెలియాలని. ఆ చుక్కలేంటని సార్ అడిగితే, "ఊడ్చే వంతులు సార్" అని పిల్లలు చెప్పేవాళ్లు. అక్క రంగు ఆకుపచ్చ.

పోయిన ఏడాది మా క్లబ్బుకు పైనుంచి కాగితం వచ్చింది. ఆడపిల్లల ఫిర్యాదులు వినడానికి కమిటీ ఉండాలి, అందులో ఆడమనిషి ఉండాలి అని. ధనంజయ సార్ భార్య రేవతి మేడం పేరు రాశారు. ఆమె ఫోన్ నంబరున్న కాగితాన్ని గోడకు అంటించింది నాగవేణక్కే. "రేవతక్క ఉండాది కదా, ఇంక పిల్లోళ్లు ధైర్యంగా చెప్పుకుంటారు" అనింది నాతో. మైదా జిగురు నేనే కాచి ఇచ్చాను.

సుజన అనే పిల్ల జూన్‌లో చేరింది. పదమూడేళ్లు. తల్లి గురవమ్మ గుజ్జు ఫ్యాక్టరీలో మామిడికాయలు కోస్తుంది. నడుం దాకా జడ ఆ పిల్లకు. కొత్తగా వచ్చినవాళ్లను పెద్దపిల్లలు ఏడిపించే ఆట ఒకటి ఉంది మా మైదానంలో. దాని పేరు గుంజ కట్టు. ఖో-ఖో గుంజకు వీపు ఆనించి కూర్చోబెట్టి జడను గుంజ చుట్టూ తిప్పి తాడుతో కడతారు. వంద లెక్కపెట్టి విప్పుతారు. అందరూ నవ్వుతారు. కట్టించుకున్న పిల్ల కూడా నవ్వాలి.

జులైలో జిల్లా జట్టుకు ఎంపికలు జరిగితే సుజన, సార్ మేనకోడలు భువన కంటే బాగా పరిగెత్తింది. మరుసటి రోజు భువన, ఆమె ఇద్దరు స్నేహితురాళ్లు సుజనను గుంజకు కట్టారు. వంద లెక్కపెట్టలేదు. విప్పకుండా వెళ్లిపోయారు.

అక్క మందులు కొనడానికి పోయి తిరిగి వస్తూ గేటు దగ్గర ఆ ముగ్గురు నవ్వుకుంటూ పోవడం చూసింది. లోపల ఎండలో సుజన. పెనుగులాడేకొద్దీ నైలాన్ తాడు బిగుసుకుని, నెత్తి మీద చర్మం లేచి నెత్తురు వస్తోంది. ధనంజయ సార్ మెట్ల మీద నీడలో కూర్చుని ఫోను చూస్తున్నాడు. అక్క కేకేస్తే తలెత్తి, "ఆటల్లో ఇట్లాంటివి మామూలే నాగా. పెద్దది చెయ్యొద్దు" అన్నాడు. ముడి ఊడలేదు. కట్లు కత్తిరించే కత్తెరతో అక్క ఆ పిల్ల జడను మెడ దగ్గర కోసేసింది. నేను ఆ రోజు జావ పోసి వెళ్లిపోయాను. ఇదంతా సాయంత్రం అక్క చెబితే విన్నాను. తెగిన జడను ఒక పేపర్లో చుట్టి గురవమ్మ చేతికి ఇచ్చిందంట.

అక్క ఆ రాత్రే ఫిర్యాదు కాగితం రాసింది. గోడకు అంటించిన నంబరుకు ఫోన్ చేసింది. "నువ్వు నిశ్చింతగా ఉండు నాగవేణీ, నేను చూస్తా" అనింది రేవతి మేడం.

తప్పు చేసింది గురవమ్మ. తప్పని ఆమెకు తెలియదు. ఆడపిల్ల జుట్టు మెడ దగ్గరికి తెగి ఉంటే వీధిలో వంద మంది అడుగుతారని, నాలుగో రోజు సుజనను అలిపిరి మెట్ల మీదుగా తిరుమలకు నడిపించుకుపోయి గుండు చేయించింది. మొక్కు అంటే ఇంక ఎవరూ ఏమీ అడగరు. తెగిన జడను కూడా అక్కడే ఇచ్చేసి వచ్చింది.

ఆ తర్వాత వారం రేవతి మేడం విచారణకని సామాన్ల గదికి వచ్చింది. నా పక్కన స్టూలు మీద కూర్చుని జావ అడిగి తాగింది. బాగుంది అని ఇంకో గ్లాసు పోయించుకుంది. ఆ క్లబ్బులో నా పక్కన కూర్చుని నా చదువు గురించి అడిగినవాళ్లు అంతకుముందు లేరు.

"ఈ చుక్కలేంది పాపా, క్యాలెండర్లో?"

"ఆడపిల్లలవి మేడం. డేటు వచ్చినప్పుడు పెట్టుకుంటారు."

"మంచి పద్ధతే. నాగవేణి పెట్టిందా? అట్లాంటి తెలివి ఆమెకే ఉంటుంది. ఆమెది ఏది?"

"పచ్చది మేడం. వచ్చే నెల కాగితంలో పదమూడో గడి మీద పెన్సిల్ చుక్క కూడా."

అడిగింది, చెప్పాను.

ఆగస్టు ఐదో తేదీ ఆ గదిలోనే పంచాయితీ పెట్టారు. క్లబ్బు ప్రెసిడెంటు మునికృష్ణకు మామిడి మండీ ఉంది. ఆయన ముందుగా గురవమ్మను పిలిచాడు.

"జడ ఏదమ్మా?"

"స్వామికి ఇచ్చేసినాను సామీ."

"నెత్తి మీద దెబ్బ అన్నారే?"

"గుండు గీసినాక గంధం పూస్తిమి. మానిపొయ్యింది."

భువన, ఆమె స్నేహితురాళ్లు ఆ సమయానికి ఇళ్లల్లో ఉన్నామన్నారు. ధనంజయ సార్ చేతులు కట్టుకుని నిలబడి, "ఆ పొద్దు నేను గ్రౌండుకే రాలేదు" అన్నాడు.

అక్క ఆయన వైపు తిరిగింది. ఆయన అబద్ధం చెప్పగా ఆమె వినడం అదే మొదటిసారి.

"వచ్చినారు సార్. మెట్ల మీద కూర్చోనుంటిరి. నాతో మాట్లాడితిరి."

"ఆ పిల్ల మీద నీకు ప్రేమ జాస్తి నాగా. అది నాకు తెలుసు. దానికోసం ఇట్లా అంటావని మాత్రం అనుకోలేదు."

మునికృష్ణ నుదురు రుద్దుకున్నాడు. "ఇద్దరూ ఇట్లా చెప్తే నేనేం చేసేది అబ్బా? నా మండీలో కూడా ఇట్లాంటివి వస్తాయి. కాణిపాకం ఉండాది కదా, పన్నెండు కిలోమీటర్లు. నాగవేణి చూసింది చూసినట్టు స్వామి ముందర ప్రమాణం చేస్తే ధనంజయ తప్పుకుంటాడు, ఆ ముగ్గురు పిల్లోళ్లకీ జట్టులో చోటు లేదు. చెయ్యకపోతే నాగవేణి, ఆ సుజన మళ్లీ గేటు తొక్కగూడదు. సరేనా?"

అక్క ముఖంలో భయం పోయింది. "సరే సార్" అనింది వెంటనే. ఆమెకు అంతకంటే సులువైన పని లేదు.

"పదిహేను జెండా పండగకు పెద్దోళ్లు వస్తారు. ఆ లోపల తేలిపోవాల. పదో తేదీ ఆదివారం పోదామా?"

నేను గ్లాసులు కడుగుతున్నాను. రేవతి మేడం లేచి తలుపు వెనక్కి పోయింది. క్యాలెండర్ దగ్గర నిలబడి ఒక గడి మీద గోరు పెట్టింది. "ఆదివారం జనం జాస్తి సార్. పధ్నాలుగు, గురువారం పెట్టండి" అనింది. నేను చూశాను. అర్థం కాలేదు.

పదమూడో తేదీ బుధవారం అర్థమైంది. అక్క పొద్దున్నే వచ్చి, పదమూడో గడిలో పెన్సిల్ చుక్క మీద ఆకుపచ్చ చుక్క పెట్టింది.

"అక్కా, రేపు ఎట్లా?"

"అదే సూస్తా ఉండా. గుళ్లోకి పోలేం కదా. సోమవారానికి మార్చమని రేవతక్కకు చెప్తా. ఆడది, అర్థం చేసుకుంటాది."

నా ముందరే ఫోన్ చేసింది. అవతల రేవతి మేడం గొంతు నాకూ వినిపించింది. "అయ్యో, మొగోళ్లతో నువ్వేం చెప్పొద్దు. అందరూ సిద్ధమైనారు, రాకపోతే తప్పుగా అనుకుంటారు. నువ్వు వచ్చి కార్లో కూర్చో. నేను సార్ వాళ్లకి పక్కకు పిలిచి చెప్తా."

ఆ గోరు సంగతి, నేను చెప్పిన పచ్చ రంగు సంగతి అప్పుడే అక్కతో చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. చెబితే ఆమె నన్ను ఎట్లా చూస్తుందోనని మింగేశాను.

గురువారం రెండు కార్లలో పోయాం. కమిటీ మగవాళ్లు ఐదుగురు, సార్, మేడం. తోడుకని అక్క నన్ను తీసుకుపోయింది. గురవమ్మ, సుజన బస్సులో వచ్చారు. సుజన నెత్తి మీద చిన్న చిన్న వెంట్రుకలు మొలిచాయి.

కోనేటి మెట్ల దగ్గర మునికృష్ణ, "దిగమ్మా, మునిగి రా" అన్నాడు.

అక్క రేవతి మేడం వైపు చూసింది. ఆమె ఫోనులో ఏదో చూసుకుంటోంది.

"రేవతక్కా, చెప్తానంటివే."

"నేనా? ఏం చెప్పాల నాగవేణీ? చెప్పాల్సింది నువ్వు కదా. అందరూ ఈడే ఉండారు, చెప్పు."

ఎంతో మెత్తగా అనింది. పువ్వులమ్మే ఆమె కూడా మా వైపు తిరిగి చూసింది. అక్క మేడం నుంచి సార్ వైపు తిరిగింది. సార్ దూరంగా చూస్తున్నాడు, ఏమీ అడగకుండా. ఆయనకు తెలుసని అప్పుడు అక్కకు తెలిసింది. గూడూరు బస్సులో పక్కన కూర్చున్న మనిషికి తెలుసు, ఈ పిల్ల దొంగతనంగా లోపలికి పోదని. మాకందరికంటే ఆయనకే బాగా తెలుసు.

నేను దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. "మునిగి పోయిరా అక్కా. ఎవరికి తెలుస్తాది?"

"నిజం చెప్పడానికి పోతా, దొంగగా పోతే ఎట్లా పాపా?"

తర్వాత మునికృష్ణతో తలొంచుకుని చెప్పింది. "ఈ పొద్దు నేను రాలేను సార్. సోమవారం వస్తాను. ఎన్నిసార్లు చెయ్యమంటే అన్నిసార్లు చేస్తాను."

"ఈ పొద్దు ఏమైంది?"

అక్క మాట్లాడలేదు. మగవాళ్లందరూ చూస్తున్నారు. నేనైనా చెప్పి ఉండవచ్చు. ఒక్క ముక్క. చెప్పలేదు.

"సూసినారు కదా సార్" అన్నాడు ధనంజయ సార్. "నేనేం అనలేదు."

"మరి నువ్వు చేస్తావా ధనంజయా?" అన్నాడు మునికృష్ణ.

"మాట అనింది ఆమె. ఆమె చేసినాక నేను చేస్తా. ఆమే చెయ్యకపోతే నేను దేనికి చెయ్యాల?"

అది అందరికీ న్యాయంగానే కనిపించింది. బయట కొబ్బరి నీళ్లు తాగారు. రేవతి మేడం నాకూ ఒక బోండాం ఇప్పించింది. తాగలేక చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అక్క కారెక్కలేదు. గురవమ్మతో బస్సులో పోయింది. టీ అంగడిలో ఆమె కార్లో తిరిగి వచ్చిందనీ, ఏడ్చిందనీ అంటారు. కార్లో రాలేదు. ఏడవలేదు.

మరుసటి రోజు జెండా ఎగరేశారు. క్లబ్బు బ్యానరు భువన పట్టుకుంది. అక్క ఫోన్ నంబరును పిల్లల తల్లిదండ్రుల గ్రూపులోంచి తీసేశారు. ఆమె అప్పుడు నా ఫోన్ అడిగి తీసుకుని, నా నంబరు నుంచి గ్రూపులో ఒక మెసేజ్ పెట్టింది. "సోమవారం పద్దెనిమిదో తేదీ ఉదయం కాణిపాకంలో ప్రమాణం చేస్తాను. అందరూ రావలెను. ధనంజయ సార్ కూడా రావలెను. నాగవేణి." అరవై నలుగురు చూసినట్టు ఫోనులో కనిపించింది. ఎవరూ జవాబు పెట్టలేదు. గంటకు నన్ను కూడా గ్రూపులోంచి తీసేశారు. జావ కాచే పని అప్పుడే పోయింది.

సోమవారం పొద్దున బస్టాండులో అక్క తలస్నానం చేసిన జుట్టుతో నిలబడి ఉంది. సుజన, గురవమ్మ కూడా వచ్చారు. ఎనిమిది గంటల దాకా చూశాం, ఇంకెవరైనా వస్తారేమోనని. రాలేదు. బస్సెక్కాం. అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఊరు దాటాక ఆమెతో చెప్పేశాను. జావ రెండు గ్లాసులు, పచ్చ రంగు, క్యాలెండర్ మీద గోరు, అన్నీ.

ఆమె నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కాణిపాకం వచ్చేదాకా తిరగలేదు. ఆ తర్వాత కూడా నాతో మాట్లాడుతుంది కానీ, పాపా అని పిలవడం మానేసింది.

ఇప్పుడు ఆమె గుజ్జు ఫ్యాక్టరీలో గురవమ్మ పక్కన కాయలు కోస్తుంది. సాయంత్రాలు ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగాలో ముగ్గుపిండితో గీతలు గీసి సుజనకు ఆట నేర్పిస్తుంది. గుంజలు పాతలేదు. సార్ కొనిచ్చిన బూట్లు ఇంకా ఆ సామాన్ల గదిలోనే ఉన్నాయి. తెచ్చివ్వమంటావా అని అడిగితే వద్దనింది.

ఢిల్లీబాబు అంగడిలో ఆ కథ ఇంకా చెబుతూనే ఉన్నారు. మొన్న అటుగా పోతుంటే నాకూ వినిపించింది. అడిగితే నేను చెప్పగలిగేది ఇంతే. ఆగస్టు పద్దెనిమిది, సోమవారం, నాగవేణక్క కోనేట్లో మునిగి, తడిబట్టలతో పోయి, గుంజ దగ్గర తాను చూసింది నలుగురి పేర్లతో సహా స్వామి ముందర చెప్పి ప్రమాణం చేసింది. ధనంజయ సార్ ఇంతవరకు చెయ్యలేదు.